పద్నాలుగు గదుల హోటల్లో దిగేముందు

(ప్రపంచ పర్యాటక దినోత్సవం సందర్భంగా 2025 సెప్టెంబర్ 27న హనుమకొండలో చేసిన ప్రసంగం, ఆ తర్వాతి ప్రశ్నలు, జవాబులు)

అందరికీ నమస్కారం.

బతుకమ్మ రోజులివి. ఇంట్లో పూలు ముందేసుకొని పేర్చుకోవాల్సిన వేళలో మీరు ఇక్కడికి వచ్చి కూర్చున్నారు. ముందు వరుసలో ఉన్న అక్కలు మధ్యలో లేచి వెళ్లాల్సి వస్తే మొహమాటపడొద్దు. నేనేమీ అనుకోను.

నన్ను మాట్లాడమన్నది నగరాల్లో బొటిక్ హోటళ్ల గురించి. వాటిలో దిగితే మంచేమిటి, చెడేమిటి అని. నేను ఇరవై రెండేళ్లు హోటల్ రిసెప్షన్‌లో పనిచేశాను. మొదటి సగం హైదరాబాద్‌లో మూడు వందల గదులున్న హోటల్లో, రెండో సగం పద్నాలుగు గదులున్న హోటల్లో. ఇప్పుడు మన ఊళ్లోనే ఉంటూ, చిన్న హోటళ్లలో చేరే పిల్లలకు పని నేర్పిస్తున్నాను. కౌంటర్‌కు ఇవతలా నిలబడ్డాను, అవతలా నిలబడ్డాను కాబట్టి రెండు వైపుల సంగతీ చెప్తాను.

హోటల్లో బస మన ఊరికి కొత్త కాదు. వరంగల్ స్టేషన్ దాటి బయటికి వస్తే చాలు, లాడ్జీల బోర్డులు కనిపిస్తాయి. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి బేరాల మీద వచ్చినవాళ్లు, ఎంజీఎం ఆసుపత్రిలో తమ మనిషిని చేర్పించి రాత్రికి ఎక్కడో ఒకచోట నడుం వాల్చాలనుకునేవాళ్లు, పిల్లల్ని పరీక్షకు తీసుకొచ్చినవాళ్లు. ఆ లాడ్జీల్లో చాలాచోట్ల ఒక పద్ధతి ఉంది. ఇరవై నాలుగు గంటల చెకౌట్. పొద్దున ఐదింటికి దిగినవాడు మర్నాడు పొద్దున ఐదింటి దాకా ఉండొచ్చు. రైలు ఎప్పుడొస్తే ఆ మనిషికి రోజు అప్పుడే మొదలవుతుంది. ప్రయాణం చేసేవాడి అలసట తెలిసినవాళ్లు పెట్టిన పద్ధతి అది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

బొటిక్ అనేది ఫ్రెంచి మాట. చిన్న దుకాణం అని అర్థం. మన దగ్గర చీరలు, బ్లౌజులు కుట్టే షాపులకు ఆ పేరు బాగా అలవాటైంది. హోటల్‌కు ఆ మాట అంటుకోవడం వెనక ఒక కథ ఉంది. 1984లో న్యూయార్క్‌లో ఇయాన్ ష్రేగర్, స్టీవ్ రూబెల్ అనే ఇద్దరు మోర్గన్స్ అనే హోటల్ తెరిచారు. పెద్ద పెద్ద హోటళ్లు అన్ని సరుకులూ దొరికే పెద్ద బజారులాంటివని, తమది ఒక్క రుచి ఉన్న చిన్న దుకాణమని రూబెల్ పోల్చి చెప్పాడు. ఆ పోలికే పేరుగా నిలిచింది. అంతకు ముందే, 1981లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో బిల్ కింప్టన్ పాత భవనాన్ని బాగుచేసి ఇలాంటి హోటల్ ఒకటి నడపడం మొదలుపెట్టాడు. ఆ చరిత్ర ఇంతటితో చాలు. మనకు కావాల్సింది ఒక్కటే. మన దేశంలో హోటళ్లకు ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలిస్తారు. పాత భవనాలకు హెరిటేజ్ అని వేరే వర్గం ఉంది, 1950కి ముందు కట్టినవై ఉండాలి. బోర్డు మీద బొటిక్ అని రాసుకోవడానికి మాత్రం ఎవరి సర్టిఫికెట్టూ అవసరం లేదు. నాలుగు గోడలకు నాలుగు రంగులేసి, ఒక పాత గ్రామఫోన్ పెట్టి, ఎవరైనా ఆ పేరు పెట్టుకోవచ్చు. కాబట్టి పేరు చూసి డబ్బు కట్టొద్దు.

మరి దేన్ని చూసి కట్టాలి? నేను రెండు రకాల హోటళ్లలోనూ పనిచేసి తెలుసుకున్నది చెప్తాను. చిన్న హోటల్లో మనం డబ్బిచ్చి కొనుక్కునేది ఒక మనిషి శ్రద్ధ. మంచం, పరుపు, టీవీ అన్నిచోట్లా దొరుకుతాయి. ఆ శ్రద్ధ ఉన్నచోట మీకు ఐదు నక్షత్రాల హోటల్లో దొరకనిది దొరుకుతుంది. ఆ మనిషి సెలవు పెట్టిన రోజు మాత్రం మీకు మంచం, పరుపు, టీవీ మిగులుతాయి.

2017లో మా అత్తమ్మను పుదుచ్చేరికి తీసుకెళ్లాను. ఆవిడకు అప్పటికి డెబ్బై రెండు. సముద్రం చూడాలని ఎన్నో ఏళ్ల కోరిక. పాత ఇల్లొకటి హోటల్‌గా మార్చారు, పది గదులు. మధ్యలో వాకిలి, చుట్టూ చెక్క స్తంభాలు. మాకు పైగది బుక్ అయింది. గేటు దగ్గర రెండు మెట్లెక్కేటప్పుడు అత్తమ్మ గోడ పట్టుకుంది. అంతే. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి అది చూసింది. మేం అడగలేదు. రిజిస్టర్‌లో సంతకం పెట్టేలోపు గది మార్చేసింది. వాకిలి పక్కన కింది గది ఇచ్చి, బాత్రూంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించింది. మర్నాడు పొద్దున అత్తమ్మ సగం ఇడ్లీ తిని లేచింది. రాత్రి అన్నం కూడా కెలికి వదిలేసింది. వంటావిడ వచ్చి తమిళంలో ఏదో అడిగింది. అత్తమ్మకు తమిళం రాదు. "పుల్లగ ఏమన్న కావాలె బిడ్డా, నోరు సచ్చిపోయింది" అంది. చేతి సైగలతో వంటింటి దాకా వెళ్లింది. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి తరిగి, నువ్వులు వేయించి పొడి కొట్టి, పచ్చిపులుసు చేసి చూపించింది. మర్నాడు మధ్యాహ్నం మేం బీచ్ నుంచి వచ్చేసరికి బల్ల మీద పచ్చిపులుసు గిన్నె ఉంది. ఆ వంటావిడే చేసింది. మా అత్తమ్మ పోయి నాలుగేళ్లయింది. ఆ ఊరి పేరు ఎత్తితే సముద్రం కంటే ముందు ఆ గిన్నె చెప్పేది.

మూడు వందల గదుల హోటల్లో ఇది జరగదు. అక్కడివాళ్లు చెడ్డవాళ్లని నా ఉద్దేశం కాదు, నేనూ అక్కడ పనిచేసినదాన్నే. అక్కడ అతిథిని వంటింట్లోకి రానివ్వకూడదు. నేను గది మార్చాలంటే ఒక మేనేజర్ ఒప్పుకోవాలి, హౌస్‌కీపింగ్‌కు చెప్పాలి, కంప్యూటర్‌లో మార్చాలి. పొద్దున ఒక షిఫ్టులో ఒక్కొక్కరం అరవై మందిని చెకౌట్ చేసేవాళ్లం. మొహాలు గుర్తుండేవి కావు, గది నంబర్లు గుర్తుండేవి. "నాలుగు వందల పన్నెండుకు ట్యాక్సీ" అనేవాళ్లం. పద్నాలుగు గదుల చోటికి వచ్చాక మొదటి నెలలోనే నాకు తెలిసింది, మనుషులు పేర్లతో గుర్తుంటారని. ఎవరికి టీలో చక్కెర వద్దో, ఎవరు తెల్లవారుజామున నడకకు వెళ్తారో, ఎవరు తండ్రి ఆపరేషన్ కోసం వచ్చి మనసు బాగాలేక ఉన్నారో తెలిసేది. అలాంటి ఒకాయన ఆసుపత్రి నుంచి రాత్రి పదకొండింటికి వస్తాడని మా కుక్ రెండు చపాతీలు మూతపెట్టి ఉంచేవాడు. అది ఏ మెనూలోనూ లేదు.

ఒంటరిగా ప్రయాణం చేసే ఆడవాళ్లకు ఇలాంటి చోటు ఎంతో ధైర్యం. కింద ఉన్న మనిషికి మీరెవరో తెలుసు, ఎన్నింటికి వస్తానన్నారో తెలుసు. రాకపోతే ఫోన్ చేస్తుంది. అయితే ఇదే గుణం కొందరికి ఇబ్బంది. ఎవరు కలవడానికి వచ్చారు, ఎన్నింటికి వచ్చారు, అన్నీ పది కళ్లు చూస్తుంటాయి. పెద్ద హోటల్లో జనంలో కలిసిపోవచ్చు. చిన్నచోట ఓనర్ కుటుంబం పక్క గదిలోనే ఉంటే, భార్యాభర్తలు ఒక మాట గట్టిగా అనుకున్నా మొహమాటమే. ఎవరి కంట్లోనూ పడకుండా రెండు రోజులు ఉండాలనుకుంటే పెద్ద హోటల్‌కే వెళ్లండి.

రెండో మంచి సంగతి, ఊరి నడిమధ్యలో ఉండటం. పెద్ద హోటల్‌కు ఎకరాల స్థలం కావాలి కాబట్టి హైవే పక్కకు, రింగు రోడ్డుకు పోతుంది. పన్నెండు గదుల హోటల్ పాత బజారు గల్లీలో కూడా పడుతుంది. పొద్దున లేచి చెప్పులేసుకొని బయటికి వస్తే ఊరు కాళ్ల ముందుంటుంది. మన దగ్గరే ఊహించుకోండి. వేయిస్తంభాల గుడికి నడిచిపోయేంత దూరంలో దిగిన మనిషి, టూరు బస్సులు రాకముందే, ఎండ ఎక్కకముందే, 1163 నాటి ఆ నల్లరాతి స్తంభాల నునుపును చేత్తో తాకి చూడొచ్చు. సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద కూర్చోవచ్చు. హైదరాబాద్ నుంచి పొద్దున కారులో బయల్దేరి, రామప్ప చూసి, కోటలో కీర్తి తోరణం దగ్గర ఫొటో దిగి, రాత్రికి తిరిగి వెళ్లిపోయేవాళ్లకు మన ఊరు అసలు తెలియదు. రామప్పే ఇక్కడి నుంచి అరవై కిలోమీటర్ల పైన. రానూపోనూ సగం రోజు బండిలోనే గడిచిపోతుంది. 2021 జులై 25న రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చిన దగ్గర్నుంచి "మన దగ్గర మంచి హోటల్ కట్టాలి" అనే మాట చాలామంది నోట వింటున్నాను. మామునూరు విమానాశ్రయం కూడా అయితే ఇంకా వింటాం. కట్టండి. కానీ ఎలాంటిది కడుతున్నారో ఆలోచించండి.

ఈ మధ్య ఒక హోటల్ ప్లాను చూపించారు. లాబీలో ఫైబర్‌తో చేసిన కీర్తి తోరణం, గది గోడకు రామప్ప మదనిక ఫొటో స్టిక్కరు. నాకు బాధేసింది. కొత్తవాడలో మగ్గం మీద నేసిన జంపఖానా మన వరంగల్ పేరు మీదే 2018లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. అది ఒక్కటి నేల మీద పరిస్తే ఆ గదికి మన ఊరు వస్తుంది. పెంబర్తి ఇత్తడి పని చేసే వాళ్లు గంటకు అటూఇటూ దూరంలో ఉన్నారు. చేర్యాల నకాషీ బొమ్మలు గీసేవాళ్లున్నారు. పొద్దున టిఫిన్‌కు ఊరూరా దొరికే బ్రెడ్, జామ్ పక్కన వేడి సర్వపిండి ఒకటి పెట్టండి. వచ్చినవాడు దాని పేరు అడుగుతాడు, రాసుకుంటాడు, ఇంటికెళ్లి చెప్తాడు. డంగు సున్నం గోడలు, గూన పెంకులు ఉన్న పాత ఇళ్లు ఇంకా కొన్ని మిగిలాయి. వాటిని కూలగొట్టి అద్దాలమేడ కట్టొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. మే నెలలో ఆ గోడల చల్లదనం ఏ ఏసీకీ రాదు.

ఇక ఇబ్బందులు. వీటి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఫొటోల్లో ఇవి కనపడవు.

2022 చలికాలంలో మా ఆయనా నేనూ వేరే ఊళ్లో పన్నెండు గదుల హోటల్లో దిగాం. రివ్యూలన్నీ అక్కడి మేనేజర్‌ను పొగిడాయి. మేం వెళ్లిన రోజు ఆ మేనేజర్ తమ్ముడి పెళ్లి అని ఊరెళ్లింది. రాత్రి ఒంటిగంటన్నరకు మా ఆయన లేచి కూర్చున్నాడు. ఛాతీ పట్టేసినట్టుంది అన్నాడు. చెమటలు. నేను రిసెప్షన్‌కు ఫోన్ చేశాను. కింద మోగడం నాకు వినిపిస్తోంది, ఎత్తేవాళ్లు లేరు. పరిగెత్తుకుంటూ కిందికి వచ్చాను. రిసెప్షన్‌లో లైటుంది, మనిషి లేడు. బయటి తలుపుకు లోపల్నుంచి తాళం. నేను అరుస్తుంటే పక్క గదివాళ్లు లేచారు. అంబులెన్స్‌కు ఫోన్ చేశాం, అది వచ్చి గేటు బయట నిలబడింది, తాళం చెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. చివరికి నైట్ డ్యూటీ పిల్లవాడు టెర్రస్ మీద నిద్రపోతూ దొరికాడు. పంతొమ్మిదేళ్లుంటాయి. ముందు రోజు పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కాడట. డ్యూటీ మార్చుకోవాల్సినవాడు రాలేదు, అలాగే ఉండిపోయాడు. చేతులు వణుకుతుంటే తాళం తీయలేకపోయాడు, నేనే తీశాను.

మా ఆయనకు ఏమీ కాలేదు. ఆసుపత్రిలో ఈసీజీ తీసి, గ్యాస్ అని చెప్పి పంపించారు. కానీ ఆ తాళం దగ్గర గడిచిన ఇరవై నిమిషాలు నాకు ఇప్పటికీ నిద్రలో వస్తాయి. మర్నాడు ఓనర్ ఆ పిల్లవాణ్ని మా ముందే తిట్టబోతే నేను ఆపాను. తప్పు అతనిది కాదు. ఒక చిన్న లెక్క చెప్తాను, ఇక్కడున్న ఓనర్లు రాసుకోండి. వారానికి 168 గంటలు. మనిషి వారానికి 48 గంటలు పనిచేస్తాడనుకుంటే, రిసెప్షన్‌లో ఒకే ఒక్క కుర్చీ ఖాళీ లేకుండా ఉండాలంటే మూడున్నర మంది కావాలి. సెలవులు, జ్వరాలు, పండుగలు కలిపితే నలుగురు. చాలా చిన్న హోటళ్లలో ఆ కుర్చీకి ఇద్దరే ఉంటారు. ఒక్కోచోట ఒకడే. ఆ ఒకడే సామాను మోస్తాడు, టీ తెస్తాడు, రాత్రి సోఫా మీద పడుకుంటాడు. అతని నిద్రలోంచి కోసిన డబ్బుతోనే ఆ దిండ్ల మీద గులాబీ రేకులు చల్లారు. నలుగురి జీతం భరించలేని హోటల్‌కు ఇంకా తెరిచే స్తోమత రాలేదని నేను అంటాను. ఈ మాట మీద కొందరు ఓనర్లు నాతో గొడవపడ్డారు. అయినా అంటాను.

మిగతా ఇబ్బందులు ఇంత పెద్దవి కావు కానీ వాటి మూలం కూడా ఒకటే, మారుగా ఇంకొకటి లేకపోవడం. మూడు వందల గదుల హోటల్లో మీ ఏసీ పాడైతే పక్క గది ఇస్తారు. పన్నెండు గదులూ నిండిన రోజు ఏసీ పాడైతే ఫ్యాన్ కింద పడుకోవాల్సిందే. అక్కడ పెద్ద బాయిలర్ ఉంటుంది, ఇక్కడ చాలాచోట్ల పదిహేను లీటర్ల గీజర్. మొదటివాళ్లకు వేడినీళ్లు, రెండోవాళ్లకు గోరువెచ్చటివి, మూడోవాళ్లు అరగంట ఆగాలి. లిఫ్టు ఉండకపోవచ్చు. పాత ఇళ్ల గడపలు ఎత్తు, మెట్లు నిటారు. వీల్‌చైర్ మనిషికి చాలాచోట్ల దారే లేదు. దీనికి పాత భవనం అని సాకు చెప్పడం నాకు నచ్చదు, ఒక చెక్క ర్యాంపు చేయించడం పెద్ద ఖర్చేమీ కాదు.

ముందు చెప్పిన ఇరవై నాలుగు గంటల చెకౌట్ గుర్తుందా? బొటిక్ హోటళ్లలో దాదాపు అన్నిచోట్లా చెకిన్ మధ్యాహ్నం, చెకౌట్ మర్నాడు పొద్దున పదకొండో పన్నెండో. మీ రైలు కాజీపేటకు తెల్లవారుజామున నాలుగున్నరకు వచ్చిందనుకోండి. పెద్ద హోటల్లో శుభ్రం చేసిన ఖాళీ గది ఏదో ఒకటి ఉంటుంది, అడిగితే కొంత డబ్బు తీసుకొని ఇస్తారు. చిన్న హోటల్లో నిన్నటివాళ్లు ఇంకా నిద్రపోతుంటారు. మీరు సూట్‌కేసులతో సోఫాలో కూర్చోవాలి. చంటిపిల్లలతో వచ్చినప్పుడు ఇది నరకం. అలాంటప్పుడు స్టేషన్ రోడ్డు లాడ్జీయే నయం. అందులో చిన్నతనమేమీ లేదు.

శబ్దం గురించి మన ఊళ్లో ప్రత్యేకంగా చెప్పాలి. ఊరి మధ్యలో ఉండటం మంచిదన్నాను కదా. ఆ మధ్యలోనే ఫంక్షన్ హాళ్లూ ఉన్నాయి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వద్దని 2000 సంవత్సరం నుంచి నిబంధన ఉంది. ముహూర్తాల రోజుల్లో బరాత్ డీజే ముందు అది నిలబడుతున్నదా లేదా మీకే తెలుసు. పాత ఇంటి చెక్క తలుపులు, మధ్యలో తెరిచిన వాకిలి, అన్నీ శబ్దాన్ని లోపలికే తెస్తాయి. ఇంకో సంగతి కూడా ఉంది. పద్నాలుగు గదుల్లో పన్నెండు ఒకే పెళ్లివాళ్లు తీసుకుంటే మిగిలిన రెండు గదులవాళ్లు వాళ్ల పెళ్లిలో ఉన్నట్టే. నేను రిసెప్షన్‌లో ఉన్నప్పుడు ఇలాంటి రోజుల్లో ఆ ఇద్దరికీ ముందే ఫోన్ చేసి చెప్పేదాన్ని, కావాలంటే తేదీ మార్చుకోమని. అలా చెప్పే హోటల్ మంచి హోటల్.

డబ్బు విషయం. ఐదు రోజుల కిందట, ఈ నెల 22 నుంచి, జీఎస్టీ మారింది. గది రోజు అద్దె 7,500 రూపాయల దాకా ఉంటే పన్ను 5 శాతం. మొన్నటిదాకా 12 ఉండేది. 7,500 దాటితే 18 శాతం. కాబట్టి 7,500 గదికి పన్నుతో 7,875 అవుతుంది. 7,600 గదికి 8,968. వంద రూపాయల తేడా గదికి చివరికి దాదాపు పదకొండు వందల తేడా. గీత దగ్గర్లో ధర చెప్తే ఒక్క మాట అడిగి చూడండి, చిన్న హోటల్లో తగ్గించే అధికారం ఎదురుగా ఉన్న మనిషికే ఉంటుంది. ఇంకొకటి, యాప్‌లో బుక్ చేస్తే హోటల్‌వాళ్లు దానికి కమిషన్ కట్టాలి. యాప్‌లో చూసుకొని, నేరుగా ఫోన్ చేసి అడిగితే చాలాసార్లు ధర తగ్గుతుంది, లేదా టిఫిన్ కలుస్తుంది. బిల్లులో సర్వీస్ చార్జీ వాళ్లంతట వాళ్లే కలిపితే ఇవ్వనక్కర్లేదు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆ మార్గదర్శకాలిచ్చింది, ఈ ఏడాది మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మీకు నచ్చితే ఆ సామాను మోసిన పిల్లవాడి చేతిలో నేరుగా పెట్టండి.

మన కుటుంబాలకు ఈ హోటళ్లు సరిపోతాయా అంటే, అన్నివేళలా కాదు. మనం కదిలితే ఆరుగురం, ఎనిమిది మందిమి కదులుతాం. అమ్మమ్మ, మేనత్త, పిల్లలు, ఒక సంచి నిండా సకినాలు. బొటిక్ గది ఇద్దరి కోసం గీసిన గది. ఎక్స్‌ట్రా బెడ్ వేస్తే నడవడానికి జాగా ఉండదు. అలాంటప్పుడు పర్యాటక సంస్థవాళ్ల హరిత కాకతీయ లాంటి చోట పార్కింగు, పెద్ద భోజనశాల ఉంటాయి, అదే సుఖం. వచ్చే జనవరి 28 నుంచి 31 దాకా మేడారం జాతర. ఆ నాలుగు రోజులు బొటిక్ హోటల్ మాటే మరిచిపోండి. ధర ఎక్కువ, జనం ఎక్కువ, ఆ శ్రద్ధ ఎక్కడా దొరకదు. చుట్టాలింట్లో చాప మీద పడుకోవడం మేలు.

మరి ఎవరు దిగాలి? ఇద్దరే వచ్చినవాళ్లు, రెండు మూడు రోజులు తీరిగ్గా ఊరు చూడాలనుకునేవాళ్లు, ఒంటరి ఆడవాళ్లు, ఎన్ఐటీలో చదివే బిడ్డను చూడ్డానికి వచ్చిన తల్లిదండ్రులు. దిగేముందు మాత్రం ఒకసారి ఫోన్ చేయండి. రాత్రి తొమ్మిది తర్వాత చేయండి, ఎవరు ఎత్తుతారో, ఎన్నో రింగుకు ఎత్తుతారో అదే మీకు సగం చెప్తుంది. రాత్రంతా మేలుకొని ఎవరుంటారని అడగండి. కిందికి రావడానికి రెండో దారి ఉందా, కిటికీ గ్రిల్లు తెరుచుకుంటుందా అడగండి. అడిగితే ఏమనుకుంటారో అనుకోకండి. ఆ రోజుల్లో పెళ్లి బుకింగ్ ఉందా అడగండి. వంటిల్లు ఎన్నింటికి మూస్తారో అడగండి, చాలాచోట్ల పదింటికే మూస్తారు. ఆధార్ ఫొటో వాట్సాప్‌లో పంపమంటే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పంపండి. ఆ ఫొటో ఎవరి ఫోన్లో మిగిలిపోతుందో మనకు తెలియదు.

రివ్యూలు చదివేటప్పుడు నక్షత్రాలు చూడకండి, పేర్లు చూడండి. అందరూ ఒకే మనిషిని పొగిడితే, ఆ మనిషి ఇప్పుడు అక్కడే ఉందా అని అడగండి. మూడు నాలుగు పేర్లు కనిపిస్తే నిశ్చింతగా బుక్ చేయండి. అక్కడ ఒకరు సెలవు పెట్టినా ఇంకొకరికి పని తెలుసు.

నేను పిల్లలకు పని నేర్పేటప్పుడు మొదటి వారం కంప్యూటర్ ముట్టుకోనివ్వను. ఒక నోటుబుక్కు ఇస్తాను. షిఫ్టు దిగేముందు ఒక్కో గది గురించి ఒక వాక్యం రాయాలి. "మూడో గది అమ్మకు మోకాలి నొప్పి. ఏడో గది సారు నాలుగింటికి లేస్తారు, టీ కావాలి." తర్వాత వచ్చేవాళ్లు అది చదివి సంతకం పెట్టాలి. పుదుచ్చేరిలో ఆ అమ్మాయి కళ్లతో చూసింది ఈ పుస్తకంలోకి వస్తే, ఆమె తమ్ముడి పెళ్లికి వెళ్లినా అతిథికి లోటుండదు. ముప్పై రూపాయల పుస్తకం ఇది. ఇంకా ఏ ఓనర్ అయినా వాడటం లేదంటే, ఈ సభ అయ్యాక నా దగ్గరికి రండి, నా సంచిలో నాలుగున్నాయి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒక విద్యార్థిని: "మేడం, మాకు చిన్న హోటల్లో చేరితే ఎదుగుదల ఉండదంటారు. పెద్ద హోటల్‌కే వెళ్లమంటారు. మీరేమంటారు?")

మొదట మూడేళ్లు పెద్దదానికి వెళ్లు బిడ్డా. అగ్ని ప్రమాదమైతే ఏం చేయాలి, లెక్కలు ఎలా రాయాలి, కోపంతో వచ్చిన అతిథితో ఎలా మాట్లాడాలి, ఇవన్నీ అక్కడ క్రమంగా నేర్పుతారు. ఆ తర్వాత చిన్నదానికి రా. అక్కడ ఏడాదిలో వంటింటి నుంచి బ్యాంకు దాకా అన్నీ నీ చేతి మీదుగా పోతాయి. చేరేముందు మాత్రం వారానికి ఒక సెలవు ఇస్తారా, రాత్రి డ్యూటీ మర్నాడు విశ్రాంతి ఉందా అని అడుగు. రాసివ్వమను.

(వెనక వరుసలోంచి ఒక పెద్దాయన: "అమ్మా, మాది గిర్మాజీపేటల మా తాత కట్టిన ఇల్లు. పిల్లలు అమెరికాల ఉన్నరు. ఆరు అర్రలున్నయి. హోటల్ జేద్దమంటున్నరు. కారు లోపటికి పోవాలె గదా, పెద్ద దర్వాజ తీసేసి షట్టర్ పెడదమని మేస్త్రీ అంటుండు.")

పెద్దనాయనా, ఆ దర్వాజ తీయకండి. కారు గల్లీ మొదట్లో ఆపుకోవచ్చు, సామాను మోయడానికి మనిషిని పెట్టుకోవచ్చు. ఆ దర్వాజ చూడటానికే వస్తారు ఎవరైనా. ఆరు అర్రల్లో ఐదే అతిథులకు ఇవ్వండి, ఆరోది రాత్రి డ్యూటీ మనిషి పడుకొని లేచేందుకు ఉంచండి. బాత్రూంలు ఎక్కడ పెట్టాలో, వెనక నుంచి రెండో దారి వస్తుందో లేదో ఇంటిని చూస్తేగానీ చెప్పలేను. మేస్త్రీని రేపు పొద్దున పదింటికి ఉండమనండి. నేను వస్తాను. అప్పటిదాకా షట్టర్‌కు అడ్వాన్స్ ఇవ్వకండి.